ఎలుక దూరని పెట్టె

మా ఆఫీసు కంప్యూటరు పోయిన రోజునే దాని లోపల ఒక ఎలుక కూడా పోయింది. రెండింటిలో ఏది ముందు పోయిందో తేల్చడానికి పదకొండు రోజులు పట్టింది. ఎలుకే ముందు తీగ కొరికిందనీ, ఆ తరువాత ఇద్దరూ కలిసే పోయారనీ విచారణ నివేదిక రాసింది నేనే. నా పేరు భావనారాయణ. జిల్లా ధ్రువపత్రాల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నా నివేదికలకు తప్పు పట్టినవాడు లేడు, ఎందుకంటే చదివినవాడు లేడు.

ఈ ఒక్కటీ మాత్రం మా అధికారి త్రివిక్రమరావు గారు చదివారు. అదే కొంప ముంచింది.

“తీగను కొరికినది ఎలుక. ఎలుకను రానిచ్చినది పెట్టె. కావున దోషి పెట్టె” అన్నారాయన. త్రివిక్రమరావు గారు మాట్లాడితే మనిషి మాట్లాడినట్టుండదు, కాగితం మాట్లాడినట్టుంటుంది. “సదరు పెట్టె నిర్మాణ లోపమే నష్టమునకు మూలకారణమని తేలినందున, ఎలుకలు ప్రవేశింపజాలని కంప్యూటరు పెట్టెను ఎంపిక చేయు నిమిత్తం ఇందుమూలముగా ఒక కమిటీని నియమించడమైనది.”

అప్పుడు గదిలో ఉన్నది నేనొక్కణ్ణే. కమిటీ ఎవరో వెంటనే అర్థమైంది.

పెట్టె అంటే తెర కాదు, మీటలూ కావు. బల్ల కింద కాళ్ళకు అడ్డంగా నిలబడి ఉంటుందే, ఆ ఇనప డబ్బా. కంప్యూటరు ప్రాణమంతా దాని లోపలే ఉంటుంది. మా ఆపరేటరు హసీనా ఆ డబ్బా విప్పి చూసి అప్పటికే ఒక మాట చెప్పింది. “డిస్కు బానే ఉంది సార్. తీగ మార్చి, కరెంటిచ్చే ముక్క కొత్తది ఏస్తే రెండు గంటల్లో నడిచిద్ది.” హసీనా కాంట్రాక్టు ఉద్యోగి. కాంట్రాక్టు ఉద్యోగి చెప్పినది అభిప్రాయం కిందకి రాదు.

“లోపభూయిష్టమైన పెట్టెలో సక్రమమైన వస్తువును ఉంచుట నిబంధనలకు విరుద్ధం” అని త్రివిక్రమరావు గారు ఆ రెండు గంటల పనిని ఆపేశారు.

ఆగిపోయినవి మొత్తం మూడు వందల పన్నెండు ధ్రువపత్రాలు. మూడు వందల పదకొండు మంది ఒకసారి వచ్చి తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. వెళ్ళకుండా వరండాలో బల్ల మీద కూర్చున్న మనిషి ఒక్కతే, రేవుపాలెం మస్తానమ్మ. పద్నాలుగేళ్ళుగా వాళ్ళ ఊరి అంగన్‌వాడీలో ఆయా. నలభై ఏళ్ళ వయసులో పదో తరగతి కట్టి పాసైంది. అదే కేంద్రంలో టీచరు ఉద్యోగానికి ఎంపికైంది. ఆమె ఆ ఊరి మనిషేనని మేము ఒక నివాస ధ్రువపత్రం ఇవ్వాలి. దాన్ని నెలాఖరు శుక్రవారం సాయంత్రం అయిదు లోపల వాళ్ళ ఆఫీసులో అందజెయ్యకపోతే ఉద్యోగం జాబితాలో తరువాతి పేరుకి పోతుంది.

“ఇరవై నాలుగేళ్ళ నుంచి అక్కడే ఉంటన్నానయ్యా. ఊరంతా చెప్పుద్ది” అంది.

“ఊరు చెప్తే చాలదమ్మా, కంప్యూటరు చెప్పాలి. నీ కాగితానికి ఆమోదం కూడా అయిపోయింది. ప్రింటు తీసి ముద్ర కొట్టడమే మిగిలింది. ఆ కాగితం డిస్కులో ఉంది.”

“ఆ డిస్కు యాడుంది?”

“నా బల్ల సొరుగులో.”

ఆమె సొరుగు వంక చూసింది. నేను సొరుగు ముందుకి జరిగి కూర్చున్నాను.

కమిటీకి అధ్యక్షుడు త్రివిక్రమరావు గారే, ఇక సాంకేతిక నిపుణుడు కావాలి. పెట్టె ఇనుముతో చేసినది కనుక ఐటీఐలో వెల్డింగు నేర్పే కోటిలింగం గారిని వేశారు. మూల్యాంకనానికి ప్రొఫార్మా కావాలి. ఇనప పెట్టెలకి సంబంధించి మా ఆఫీసులో ఉన్న ప్రొఫార్మా ఒక్కటే, బీరువాలది. ఇరవై ఏడు గడులు. ‘బీరువా’ అని ఉన్నచోటల్లా కొట్టేసి ‘కంప్యూటరు పెట్టె’ అని రాసుకొచ్చాను. మిగతాది ముట్టుకోలేదు. ప్రొఫార్మాని మార్చే అధికారం నాకు లేదు.

దుకాణం వాళ్ళు నమూనాగా పంపిన పెట్టె చూడ ముచ్చటగా ఉంది. నల్ల రంగు. ఒక పక్కంతా అద్దం. ముందు మూడు ఫ్యాన్లు, తిరుగుతుంటే రంగురంగుల దీపాలు వెలుగుతాయి. దుమ్ము పడకుండా జల్లెడ, అది అయస్కాంతంతో అతుక్కుంటుంది. స్క్రూడ్రైవరు అక్కర్లేకుండా చేత్తో తిప్పే మరలు. తీగలన్నీ కనపడకుండా వెనక నుంచి తీసుకుపోయే దారి. హసీనా దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, “గాలి బాగా ఆడుద్ది సార్. వేడెక్కదు. మంచి పెట్టె” అంది.

కోటిలింగం గారు వేలి కణుపులతో నాలుగు పక్కలా కొట్టి చూసి పెదవి విరిచారు. “రేకు పల్చన.”

మొదటి గడి: దృఢత్వం. ‘పైన సూట్‌కేసులు పెట్టుకొనుటకు అనువుగా ఉన్నదా?’ సూట్‌కేసు లేనందువల్ల ఎనభై రెండు కిలోల నన్ను ఎక్కి నిలబడమన్నారు. నిలబడ్డాను. పెట్టె కొంచెం మూలిగింది గానీ విరగలేదు. ‘అనువుగానే ఉన్నది’ అని పెట్టె మీద నుంచే రాశాను.

నాలుగో గడి: అరలు. చీరలు మడత పెట్టే వీలు లేదని కోటిలింగం గారు ఒక మార్కు తగ్గించారు. ఆరో గడి: అద్దం. ఇక్కడ త్రివిక్రమరావు గారి ముఖం వెలిగింది. “పారదర్శక పాలనకు ఇది ప్రతీక. ప్రజలు తమ ధ్రువపత్రములు తయారగుటను కళ్ళారా చూడగలరు” అన్నారు. అంతలో దరఖాస్తుదారుల వివరాలు గోప్యంగా ఉంచాలన్న పాత సర్క్యులరు గుర్తొచ్చింది. రెండు ఉత్తర్వులనూ గౌరవించాలి కదా. అద్దానికి బయటి వైపు ఆకుపచ్చ శాటిను తెర కుట్టించాం, తాడు లాగితే తెరుచుకునేలా.

దీపాల దగ్గర ఒక పూట గడిచింది. ఏ రంగు వెలిగినా అది ఏదో ఒక పార్టీది. ఒకటి వెలిగి ఇంకొకటి ఆరితే మరీ ప్రమాదం, ఫలితాలు ముందే చెప్పినట్టవుతుంది. చివరికి అన్ని దీపాల మీదా నల్ల టేపు అంటించాం.

ఇక పందొమ్మిదో గడి, అసలైనది: ‘చీడపీడలు ప్రవేశించుటకు వీలగు రంధ్రములు ఉన్నవా?’

ఉన్నాయి. జల్లెడలో ఉన్నవాటిని లెక్కపెట్టడం మధ్యాహ్నం దాకా సాగింది, రెండు వేల దగ్గర వదిలేశాం. కోటిలింగం గారు ఫ్యాన్లు పీకి ఆ చోట రేకు వేసి వెల్డింగు చేశారు. పైన వరసగా ఉన్న పెన్‌డ్రైవు కంతలు చూసి త్రివిక్రమరావు గారు ఉలిక్కిపడ్డారు. “వైరస్సులు వచ్చునది ఇందులో నుంచే అని శిక్షణలో చెప్పారు.” అవీ మూశారు. వెనక కంప్యూటరు తెరకీ మీటలకీ తీగలు పెట్టే చోట్లు మూశారు. అన్నీ అయ్యాక అడుగున ఒక్క రంధ్రం మిగిలింది.

“అదేమిటి?” అన్నారు త్రివిక్రమరావు గారు.

“కరెంటు తీగకండి” అంది హసీనా.

“గత ప్రమాదంలో ఎలుక ఎక్కడి నుంచి ప్రవేశించినది?”

ఎలుక వచ్చింది అందులోంచేనని నా నివేదికలో ఉంది.

“మూయండి” అన్నారాయన.

“మూస్తే కంప్యూటరు ఎట్టా నడిచిద్దండి?”

త్రివిక్రమరావు గారికి కోపం రాలేదు. చిన్నపిల్లలకి చెప్పినట్టు నిదానంగా చెప్పారు. “అమ్మా, ఈ కమిటీ పరిధి పెట్టె వరకే. కంప్యూటరు నడుచుట మన విచారణాంశములలో లేదు.”

కోటిలింగం గారు ఆ రంధ్రం కూడా మూసేశారు. మంచి పనివాడు, అతుకు ఎక్కడుందో కనపడలేదు. తలుపుకి మూడు గొళ్ళాలు పెట్టి మూడు తాళాలు వేయాలనీ, తలా ఒక తాళంచెవి మేము ముగ్గురమూ ఉంచుకోవాలనీ, ముగ్గురూ కలిస్తే తప్ప తెరవకూడదనీ తీర్మానించాం. తాళాలు నేనే బజారు నుంచి తెచ్చాను. మూడూ ఒకే అట్టకి గుచ్చి ఉన్నాయి.

ఇరవై ఏడో గడి: ‘ఆచరణాత్మక పరీక్ష’. అంటే నిజం ఎలుకతో పరీక్షించాలి. అన్నేళ్ళుగా పగలే ఫైళ్ళ మీద పచార్లు చేసే మా ఆఫీసు ఎలుకలు, పని పడేసరికి ఒక్కటీ కనపడలేదు. బోనులో మిరపకాయ బజ్జీ పెట్టి మూడు రోజులు చూశాం. బజ్జీ పోయింది గానీ ఎలుక పడలేదు. ప్రభుత్వ ఆఫీసులో పెరిగిన ఎలుకలు మరి, ఎక్కడ తినాలో ఎప్పుడు తప్పుకోవాలో వాటికి తెలుసు.

వరండాలోంచి మస్తానమ్మ వింటూనే ఉంది. లోపలికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. “మా చేలో ఎలకలు బోలెడుంటయ్యండి. ఒకదాన్ని తెచ్చిస్తే ఈ పరీచ్చ తొరగా అయిపోద్దా? నా కాయితం వచ్చిద్దా?”

“పరీక్ష ముగిసిన మీదట తగు చర్య తీసుకొనబడును” అన్నారు త్రివిక్రమరావు గారు.

పాపం, అది మాట ఇవ్వడమేననుకుంది ఆమె. బుధవారం సాయంత్రం వెళ్ళి, గురువారం పొద్దున మొదటి బస్సుకి బోనుతో దిగింది. ఎలుక నిగనిగలాడుతోంది. ఆఫీసుకి వచ్చిన కాగితాలకి వేసినట్టే దానికీ నేను ఇన్‌వర్డు నంబరు వేశాను.

తలుపులన్నీ మూసి, పెట్టె పక్కన ఎలుకని వదిలాం. అది పెట్టె వంక కన్నెత్తి చూడలేదు. బీరువా వెనక్కి పోయి కూర్చుంది. ఎంత అదిలించినా పెట్టెలో దూరే ప్రయత్నమే చెయ్యలేదు. దూరలేకపోయిందా, దూరదలుచుకోలేదా అన్నది రికార్డు చేయడం ఎలా? కమిటీ గంటసేపు ఆలోచించింది. అప్పుడు త్రివిక్రమరావు గారు చెప్పిన మాటకి నేను నిజంగానే ఆయన్ని మెచ్చుకున్నాను.

“ఎలుక లోపలికి పోగల దారి ఉన్నచో, అదే దారిన బయటికీ రాగలదు. బయటికి రాలేకున్నచో, దారి లేనట్టే. కావున ఎలుకను లోపల ఉంచి తాళములు వేయుడు.”

“ఖాళీ పెట్టెలో పెడితే అది కంప్యూటరు పరీక్ష ఎట్లా అవుతుందండి?” అన్నారు కోటిలింగం గారు. ఆయనకి అప్పుడప్పుడూ ఇలాంటి న్యాయమైన అనుమానాలు వస్తాయి.

“నిజమే. పాత యంత్రములోని భాగములు కూడా ఉంచుడు.”

అలా నా సొరుగులో ఉన్న డిస్కు పెట్టెలోకి వెళ్ళింది. మస్తానమ్మ కాగితం, మస్తానమ్మ తెచ్చిన ఎలుక, రెండూ ఒకే చోట. మూడు తాళాలూ వేశాం. అప్పుడు గురువారం పదకొండు గంటలు. పరీక్షా కాలం సోమవారం పదకొండు దాకా అని త్రివిక్రమరావు గారు ప్రకటించారు. కోటిలింగం గారు తన తాళంచెవి మొలతాడుకి కట్టుకుని పరీక్షల డ్యూటీ మీద పక్క జిల్లాకి బస్సెక్కారు.

“సోమారమా?” అంది మస్తానమ్మ. “రేపు అయిదింటికే గదయ్యా నాకు గడువు.”

ఆమె వెళ్ళి పెట్టె పక్కనే నేల మీద చతికిలబడింది.

శుక్రవారం పొద్దున నేను వచ్చేసరికి మళ్ళీ అక్కడే ఉంది. పెట్టెలోంచి గరగర శబ్దం. “చీకటి కదయ్యా, దానికి గాలాడతా ఉందో లేదో. నేనే తెచ్చి పడేశా దాన్ని” అంది. తన కాగితం మాట ఎత్తలేదు. త్రివిక్రమరావు గారు మీటింగుకని కలెక్టరేటుకి వెళ్ళారు. ఏదో ఒకటి చేసినట్టు ఉండాలని నా తాళం ఒక్కటైనా సరిగ్గా ఉందో లేదో చూద్దామనుకున్నాను. కళ్ళజోడు బల్ల మీద ఉండిపోయింది. తాళంచెవి పెట్టి తిప్పాను. తాళం ఊడింది. కిందికి వంగి చూస్తే అది నాది కాదు, త్రివిక్రమరావు గారిది.

దాన్ని మళ్ళీ నొక్కేసి, కోటిలింగం గారి తాళంలో తిప్పాను. అదీ ఊడింది. ఒకే అట్ట మీద తాళాలు కదా, మూడింటికీ ఒకటే తాళంచెవి.

హసీనా చూసింది. మస్తానమ్మ చూసింది. నాకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. ఆ తాళాలు తీసి ఎలుకని వదిలేసి డిస్కు చేతికిచ్చేంత ధైర్యం ఈ ఒంట్లో లేదు, ఉందని చెప్పుకోను. ఆ తాళం కూడా మళ్ళీ వేసేశాను. తాళంచెవి బల్ల మీద పెట్టి, “టీ తాగి వస్తా. గంట పట్టొచ్చు” అని చెప్పి బయటికి నడిచాను.

ఆ గంటలో ఏం జరిగిందో నేను చూడలేదు. తిరిగి వచ్చేసరికి తాళంచెవి పెట్టిన చోటే ఉంది. మూడు తాళాలూ వేసే ఉన్నాయి. మా పక్క సెక్షనులో డిస్కు పాడై మూలపడిన కంప్యూటరు ఒకటుంది, దాని తెర ఇంకా వెచ్చగా ఉంది. ఆఫీసు ముద్ర మీద సిరా తడి ఆరలేదు. కిటికీలోంచి చూస్తే మస్తానమ్మ బస్టాండు వైపు గబగబా పోతోంది. ఒక చేతిలో కాగితం. రెండో చేతిలో బోను, అందులో ఏదో కదులుతోంది.

సోమవారం పదకొండింటికి ముగ్గురం మూడు తాళంచెవులతో మూడు తాళాలు తీశాం. డిస్కు ఉంది. ఎలుక లేదు.

“నా వెల్డింగులోంచి దోమ కూడా పోదండి” అన్నారు కోటిలింగం గారు గాభరాగా. పెట్టెని తిరగేసి, బోర్లించి, నీళ్ళు పోసి చూశాం. చుక్క కారలేదు. త్రివిక్రమరావు గారు చాలాసేపు తెర తాడు లాగుతూ వదులుతూ ఆలోచించారు. చివరికి అన్నారు, “భావనారాయణా, ప్రొఫార్మాలో చివరి ప్రశ్న చదువు.”

“‘పరీక్షానంతరం పెట్టెలో ఎలుకలు కనుగొనబడినవా?’”

“కనుగొనబడినవా?”

“లేదండి.”

“రాయి.”

రాశాను. పెట్టెలో పెట్టిన ఎలుకని కూడా ఉండనివ్వని పెట్టె అని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. మండలాలన్నిటికీ కలిపి నలభై పెట్టెలకి ఆర్డరు వెళ్ళింది. నమూనా పెట్టెని మాత్రం మూడు తాళాలతో సహా త్రివిక్రమరావు గారి గదిలో స్టూలు మీద పెట్టి దండ వేశారు. పై ఆఫీసుల నుంచి వచ్చి చూసి, తెర తీయించుకుని, తలలూపి వెళ్ళేవారు. కంప్యూటరు సంగతి ఎవరూ అడగలేదు.

మూడు వారాల తరువాత అంగన్‌వాడీల ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అంగన్‌వాడీ టీచరుగా చేరిన షేక్ మస్తానమ్మ సమర్పించిన నివాస ధ్రువపత్రం మీరు ఇచ్చినదేనా, తెలియజేయగలరు, అని. కొత్తగా చేరిన అందరికీ ఇలాంటి ఉత్తరం వస్తుంది. మామూలే. కానీ త్రివిక్రమరావు గారు దానికి జతచేసిన ధ్రువపత్రం నకలు మీద తేదీ చూశారు.

“గురువారం తాళములు వేసితిమి. సోమవారం తీసితిమి. నడుమ డిస్కు పెట్టెలోనే ఉన్నది. ఈ ధ్రువపత్రము శుక్రవారం నాటిది. అనగా పెట్టె అయినా చెడ్డది కావలెను, కాగితమైనా దొంగది కావలెను.” ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. నలభై కొత్త పెట్టెలు లారీలోంచి దిగుతున్నాయి. “పెట్టె మంచిదని కమిటీ తేల్చినది. కావున నకిలీ అని రాయి. తొలగింపునకూ, పోలీసు కేసుకూ సిఫారసు చేయి.”

బయట వరండాలో, అదే బల్ల మీద, మస్తానమ్మ కూర్చుని ఉంది. ఉత్తరం సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చింది. ఉద్యోగం ఉంచుతారో పీకుతారో తెలియక కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది.

కలం కాగితం మీద పెట్టాను. ‘న’ అని రాశాను. ఇరవై ఆరేళ్ళలో ఏది రాయమంటే అది రాశాను, చెయ్యి ఎప్పుడూ ఆగలేదు. ఈసారి ఆగింది. భయం లేక కాదు. లేచి, జేబులోంచి నా తాళంచెవి తీసి, దండ పక్కకి జరిపి, ఆయన కళ్ళ ముందే పెట్టె తాళాలు మూడూ వరసగా తీశాను.

“శుక్రవారం మీరు కలెక్టరేటుకి వెళ్ళారండి. ఈ తాళంచెవి బల్ల మీద పెట్టి నేను టీకి వెళ్ళాను. కాగితం మనదేనండి. ముద్ర మనదే. ఆమె ఆ ఊరి మనిషే.”

త్రివిక్రమరావు గారు మూడు తాళాల వంకా మార్చి మార్చి చూశారు. తన తాళంచెవి తీసి నా తాళంలో పెట్టి తిప్పారు. తిరిగింది. తరువాత మొదటిసారి మామూలు మనిషిలా, గొంతు తగ్గించి అడిగారు.

“ఇది ఇంకెవరికి తెలుసయ్యా?”

“హసీనాకి తెలుసండి. మస్తానమ్మకి తెలుసు. ఆమె బడికి ఇరవై రెండు మంది పిల్లలొస్తారు. వాళ్ళ తల్లులకి ఇంకా తెలియదనుకుంటానండి. ఆమె ఉద్యోగం పోతే తెలుస్తుంది.”

ఆయన ఉత్తరం తన ముందుకి లాక్కున్నారు. నా చేతిలో కలం తీసుకుని, ‘సదరు ధ్రువపత్రము ఈ కార్యాలయము జారీ చేసినదే’ అని దాని కిందే చేత్తో రాశారు. సంతకం పెట్టారు. ముద్ర కొట్టమన్నారు. టేబులు మీద ఆయన కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

నన్ను స్టోర్సుకి మారుస్తూ మధ్యాహ్నానికల్లా ఆర్డరు వచ్చింది. నలభై పెట్టెలకీ, నూట ఇరవై తాళాలకీ ఇప్పుడు నేనే కాపలా. సరే, అది నా సంగతి.

కాగితం తీసుకెళ్ళి మస్తానమ్మకి చూపించాను. ఆఫీసరు చేతిరాత కదా, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. రెండోసారి చదివింది. సంతకం మీద సిరాని ముట్టుకుని చూసింది.

“ఇది చేత్తో రాసిందే కదయ్యా?”

“అవునమ్మా.”

“చెల్లుద్దా?”

“చెల్లుతుంది.”

“మరి మొదటిరోజే ఇట్టా రాసిచ్చుంటే అయిపోయేది గదయ్యా” అంది. కోపంగా అనలేదు, నిజంగా తెలియక అడిగింది. అదే నాకు ఎక్కడో తగిలింది. చెప్పడానికి ఏమైనా దొరుకుతుందేమోనని ఇరవై ఆరేళ్ళూ వెతుక్కున్నాను. సిగ్గేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

ఆమె ఇంకాసేపు చూసి, పిల్లలకి గుడ్లు ఉడకెయ్యాలి, బస్సు పోద్దని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది.